బిట్రగుంట లోకో షెడ్డు నాటి మడత కెమెరా, పదకొండు నెగెటివులు: కాలం తేల్చడానికి సాయం కావాలి

ప్రశ్న: కావలి మనవడు

సభ్యులందరికీ నమస్కారం. మా తాత మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వేలో ఖలాసీగా చేరి, నెల్లూరు జిల్లా బిట్రగుంట లోకో షెడ్డులో చాలా ఏళ్లు ఇంజను పొయ్యిలో బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా పనిచేసి, చివరికి గూడ్సు డ్రైవరుగా 1963లో పదవీ విరమణ పొందారు. ఆయన పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. పోయిన నెల మా మేనత్త ఇల్లు మారుతున్నప్పుడు అటక మీది ఇనుప పెట్టెలో, ఆయన వాడిన చేతి లాంతరు పక్కన, పాత పంచె గుడ్డలో చుట్టిన ఒక మడత కెమెరా దొరికింది. దాని అడుగున ఒక సిగరెట్టు డబ్బాలో పదకొండు నెగెటివులు, మూడు చిన్న ఫోటోలు ఉన్నాయి.

ఈ కెమెరా గురించి మా ఇంట్లో మొదటి నుంచీ చెప్పుకునే మాట ఒకటుంది. మా తాత ఏ ఆంగ్లో ఇండియన్ డ్రైవరు దగ్గర ఫైర్‌మన్‌గా ఉండేవారో ఆ దొర 1947లో సంసారంతో సహా సీమకు వెళ్ళిపోతూ దీన్ని జ్ఞాపకంగా ఇచ్చాడని, ఫోటోలన్నీ ఆ దొర తీసినవేనని, మా తాతకు కెమెరా పట్టుకోవడమే తెలియదని మా నాయన అనేవారు. మా నాయన కూడా ఇప్పుడు లేరు కాబట్టి అడిగి తెలుసుకునే దారి లేదు.

కెమెరా మూత తెరిస్తే ముందు పలక కిందికి వాలుతుంది. హార్మోనియం తిత్తిలాంటి నల్లని తోలు తిత్తితో కటకం ముందుకు వస్తుంది. కటకం చుట్టూ 25, 50, 100 అని, టి, బి అని ఉంది. దాని కింద 4, 8, 16, 32, 64 అనే అంకెలు ఉన్నాయి. వెనక మూత మీద ఒక ఎర్రటి గుండ్రని కిటికీ, దానికి కొంచెం ఎడంగా సన్నని తలుపులాంటి రేకు, ఆ రేకును ఆనుకుని సూది అంత లోహపు పుల్ల ఉన్నాయి. ఆ పుల్ల దేనికో మాకు అంతుపట్టలేదు. ‘ఈస్ట్‌మన్ కొడాక్’ అనే పేరు, ‘ఎ-120’ అనే గుర్తు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

నెగెటివులలో నాలుగింటిలో ఒకే ఇంజను ఉంది. పక్క నుంచి తీసినదానిలో ముందు రెండు చిన్న చక్రాలు, మధ్య మూడు పెద్ద చక్రాలు, డ్రైవరు నిలబడే చోటు కింద ఇంకొక చిన్న చక్రం కనిపిస్తాయి. టోపీ పెట్టుకున్న దొర పెద్ద చక్రం పక్కన నిలబడి ఉన్నాడు. ఇంజను వెనక బొగ్గు, నీళ్లు మోసే టెండరు మీద ఎం, ఎస్, ఎం అక్షరాలు ఉన్నాయి. తక్కిన వాటిలో రైల్వే క్వార్టర్ల వరండా, క్రిస్మస్ అలంకరణ, కుర్చీల్లో కూర్చున్న పిల్లలు, ఒక పూరింటి ముందు పీట మీద కూర్చున్న ముసలావిడ ఉన్నారు. ఆమె దొరగారి ఇంట్లో పనిచేసిన ఆయా అయి ఉంటుందని అనుకుంటున్నాం. కొన్ని నెగెటివుల పొట్టి అంచు వెంట సన్నని నల్లటి గీతలు పడ్డాయి. పాతబడి గీసుకుపోయాయో, పురుగు తిన్నదో తెలియదు.

ఈ కెమెరా ఎప్పటిది, ఆ ఇంజను ఏది, ఫోటోలు ఏ కాలంలో తీసినవి అన్నది నాకు తెలియాలి. శుభ్రం చేయించవచ్చా అన్నది రెండో సందేహం. ఇక మూడోది: ఆ దొర కుటుంబం ఎక్కడైనా ఉంటే వారి వస్తువును వారికి అందజేయాలని మా మేనత్త పట్టుబడుతున్నారు. అందుకు దారేమైనా ఉంటే చెప్పగలరు. ఫోన్‌తో తీసిన చిత్రాలను జత చేశాను.

జవాబు: పాత కటకం, సికింద్రాబాద్

మీరు జత చేసిన చిత్రాలు చూశాను. ముప్ఫై ఏళ్లుగా పాత కెమెరాలు సేకరిస్తున్నాను కాబట్టి మొదటి ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పగలను. ఇది కొడాక్ వారి నంబర్ 1 ఆటోగ్రాఫిక్ కొడాక్ జూనియర్. 1914 నుంచి 1920ల మధ్య దాకా లక్షల సంఖ్యలో తయారైంది. అందువల్ల అంగడి ధర ఏమంత ఎక్కువ పలకదు. ఆ మాట ముందుగా ఎందుకు చెబుతున్నానంటే, ‘పురాతన కెమెరా’ అని ఎవరైనా పెద్ద మొత్తం ఆశ చూపినా, తక్కువ మొత్తానికి విడిగా అడిగినా, దయచేసి కెమెరాను నెగెటివుల నుంచి వేరు చేయకండి. విడిగా చూస్తే ఇలాంటి కెమెరాలు నా బీరువాలోనే మూడున్నాయి. అది తీసిన బొమ్మలతో పాటు, అది తిరిగిన ఊరి పేరుతో పాటు దొరికినది మాత్రం నాకు ఇంతవరకు ఒక్కటీ తారసపడలేదు.

అంకెల విషయానికి వస్తే, 25, 50, 100 అన్నవి సెకనులో ఎన్నో వంతు షట్టరు తెరుచుకుంటుందో చెబుతాయి. కింది 4, 8, 16, 32, 64 అన్నవి మనం ఇప్పుడు వాడే ఎఫ్ సంఖ్యలు కావు. అది ఆ కాలపు మరో కొలమానం. అందులో 4 అంటే నేటి ఎఫ్ 8, 8 అంటే ఎఫ్ 11, 16 మాత్రం రెండింటిలోనూ ఒకటే, 32 అంటే ఎఫ్ 22, 64 అంటే ఎఫ్ 32. ఈ తేడా తెలియక ఫిల్ము పాడు చేసుకున్న వారు చాలామంది ఉన్నారు. అవును, ఈ కెమెరాలో ఇప్పటికీ ఫిల్ము వేయవచ్చు. 1901లో మొదలైన 120 సైజు ఫిల్ము నేటికీ తయారవుతోంది, చుట్ట కొలత మారలేదు. ఒక చుట్టకు రెండుంబావు అంగుళాల వెడల్పు, మూడుంబావు అంగుళాల పొడవు గల బొమ్మలు ఎనిమిది వస్తాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీకు అంతుపట్టని ఆ పుల్ల ఒక కలం. హెన్రీ గైస్‌మన్ అనే ఆయన కనిపెట్టిన ఒక పద్ధతిని జార్జ్ ఈస్ట్‌మన్ 3 లక్షల డాలర్లు ఇచ్చి కొని, 1914లో తన కెమెరాలలో పెట్టారు. ఆటోగ్రాఫిక్ అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది. ఫిల్ముకూ దాని వెనకుండే కాగితానికీ మధ్య కార్బన్ కాగితం వంటి పలుచని పొర ఒకటి ఉండేది. బొమ్మ తీసిన వెంటనే వెనకనున్న సన్నని తలుపు తెరిచి, ఆ పుల్లతో కాగితం మీద నొక్కి రాస్తే, రాసిన చోట పొర చెదిరి వెలుతురు లోపలికి పోయే వీలు ఏర్పడుతుంది. ఆ తలుపును కొన్ని క్షణాలు ఆకాశం వైపు తెరిచి ఉంచి మూసేస్తే, ఆ రాత ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్యనున్న సందులో ఫిల్ము మీద అచ్చుపడుతుంది. ఫిల్ము కడిగాక నెగెటివులో అక్షరాలు నల్లగానూ, ఫోటోలో తెల్లగానూ కనిపిస్తాయి. స్టూడియో వారు ఫోటో వేసేటప్పుడు అంచులు కప్పేసేవారు కాబట్టి మీ దగ్గరున్న మూడు ఫోటోలలో అది కనబడదు. నెగెటివులో మాత్రం మిగిలి ఉంటుంది.

మీరు గీతలు అంటున్నవి ఆ రాతే కావచ్చునని నా అనుమానం. మీరు పంపిన చిత్రాలలో నెగెటివు మసక వైపు పైకి ఉంది. ఆ వైపు నుంచి చూస్తే అక్షరాలు అద్దంలో బొమ్మలా తిరగబడతాయి. ప్రతి నెగెటివుకు ఒక వైపు మెరుపు, ఒక వైపు మసక ఉంటాయి. మెరిసే వైపు మీకు ఎదురుగా ఉండేలా పట్టుకుని, వెనక తెల్లని వెలుతురు పెట్టి, భూతద్దంతో చదివి చూడండి. దొర ఏదైనా తేదీ రాసి ఉంటే మీ సందేహాలలో సగం తీరిపోతాయి.

ఇంకొక పరీక్ష కూడా చేయండి. కెమెరా వెనక మూత తీసి, ఫిల్ము ఆనుకునే చట్రం అంచులను దగ్గరగా పరిశీలించండి. ఎక్కడైనా చిన్న నొక్కు, పెయింటు పొక్కు, గంటు ఉంటే, అదే ఆకారం ప్రతి నెగెటివు అంచునా పడుతుంది. కటకం బొమ్మను తలకిందులుగా వేస్తుంది కాబట్టి, వెనక నుంచి చూసినప్పుడు చట్రంలో పైన ఎడమ పక్కనున్న గంటు, నిలువుగా సరిచేసి పట్టుకున్న నెగెటివులో కింద కుడి పక్కన కనిపిస్తుంది. రెండూ సరిపోతే ఆ నెగెటివులు ఈ కెమెరాలోనివే అని నిస్సందేహంగా చెప్పవచ్చు.

శుభ్రం చేసే మాట దయచేసి వాయిదా వేయండి. షట్టరులో నూనె చుక్క వేయవద్దు, లోహాన్ని పాలిష్ చేయవద్దు, తోలుకు చెప్పుల రంగు పూయవద్దు. మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, తిత్తిని ఒకే ఒక్కసారి మెల్లగా తెరిచి, చీకటి గదిలో లోపల చిన్న టార్చిలైటు పెట్టి చిల్లులున్నాయేమో చూస్తే చాలు. తోలు సంచిలో పెట్టి దాచకండి. మీది సముద్రపు గాలి తగిలే ఊరు, తోలు ఆ చెమ్మను పట్టి ఉంచితే కటకం లోపల బూజు పాకుతుంది.

కెమెరా కంటే నెగెటివుల విషయంలోనే నాకు కంగారుగా ఉంది. ఆ కాలపు కొడాక్ చుట్ట ఫిల్ములు సెల్యులోజ్ నైట్రేటుతో చేసినవి. 1950 దాకా అలాంటివి వస్తూనే ఉన్నాయి. అది తేలికగా అంటుకునే పదార్థం, అంటుకుంటే ఆర్పడం కష్టం. పాతబడేకొద్దీ పసుపు పచ్చగా మారి, జిగటగా అయి, ఘాటైన వాసన వేస్తుంది. అంచున ‘సేఫ్టీ’ అని ఇంగ్లీషులో ఉంటే భయం లేదు. లేకపోతే నైట్రేటు అనే భావించండి. ఆ సిగరెట్టు డబ్బాలో నుంచి వెంటనే తీసి, ఒక్కొక్కటి విడివిడిగా మామూలు కాగితపు కవర్లలో పెట్టి, గాలి ఆడే చల్లని చోట, వంటగదికి దూరంగా ఉంచండి. పోస్టులో గానీ కొరియరులో గానీ ఎవరికీ పంపకండి. కాల్చి పరీక్షించమని ఎవరైనా సలహా ఇస్తే అసలు వినకండి. వేడి ఎక్కని ఎల్‌ఈడీ పలక మీద పరిచి మంచి డిజిటల్ కెమెరాతో ముందుగా నకళ్లు తీసుకోండి.

జవాబు: విశ్రాంత లోకో ఉద్యోగి, రాజమహేంద్రవరం

నాయనా, మీ తాతగారి షెడ్డు పేరు చూడగానే ప్రాణం లేచి వచ్చింది. నేను 1974లో రాజమండ్రి లోకో షెడ్డులో క్లీనరుగా చేరి, ఫైర్‌మన్ పని చేసి, ఆవిరి ఇంజన్లు పోయాక డీజిలుకు మారినవాణ్ణి. బిట్రగుంట మద్రాసు, బెజవాడల మధ్య ఇంజన్లకు, సిబ్బందికి పెద్ద మజిలీ. రైలు వల్లనే పెరిగిన ఊరు అది. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు అక్కడ వందల సంఖ్యలో ఉండేవని మా పై డ్రైవర్లు చెప్పేవారు.

ఇంజను సంగతి చూద్దాం. పక్క నుంచి రెండు, మూడు, ఒకటి అని చక్రాలు కనిపించాయంటే రెండు వైపులా కలిపి నాలుగు, ఆరు, రెండు అన్నమాట. దాన్ని పసిఫిక్ అంటారు. అంతకుముందు మన వైపు మెయిళ్లను లాగిన పాత ఇంజన్లలో ఎక్కువ వాటికి నాలుగు, ఆరు చక్రాలే ఉండేవి, డ్రైవరు నిలబడే క్యాబు కింద చిన్న చక్రం ఉండేది కాదు. ఆ చిన్న చక్రం ఎందుకు వచ్చిందంటే, మన దేశపు నాసిరకం బొగ్గు మండించాలంటే పొయ్యి వెడల్పుగా ఉండాలి. పెద్ద చక్రాల మధ్య వెడల్పు పొయ్యి పట్టదు కాబట్టి దాన్ని వెనక్కి జరిపి, ఆ బరువు మోయడానికి చిన్న చక్రాలు పెట్టారు. ఈ పద్ధతిలో ఇండియన్ రైల్వే స్టాండర్డ్ కింద ఎక్స్‌ఎ, ఎక్స్‌బి, ఎక్స్‌సి అని మూడు రకాల పసిఫిక్ ఇంజన్లు 1920ల చివరి నుంచి సీమ నుంచి దిగుమతి అయ్యాయి. ఎక్స్‌ఎ తేలిక లైన్లకు, ఇరుసు మీద 13 టన్నుల బరువు పడేది. ఎక్స్‌బి ఇరుసు బరువు 17 టన్నులు. ఎక్స్‌సి అంతకంటే బరువైనది.

ఫోటోలో నంబరు కనబడకపోయినా ఎక్స్‌ఎ, ఎక్స్‌బిలను విడదీసే ఉపాయం ఒకటుంది. ఎక్స్‌ఎ పెద్ద చక్రం ఎత్తు 5 అడుగుల ఒకటిన్నర అంగుళం. ఎక్స్‌బిది 6 అడుగుల 2 అంగుళాలు. దొరగారు చక్రం పక్కనే నిలబడ్డారంటున్నారు కదా, చక్రం పై అంచు ఆయన భుజం దగ్గర ఉందా, తల దాటి ఉందా చూసి చెప్పండి. అయితే చక్రం పట్టాల మీద ఉంటుంది, ఆయన పక్కన కంకర మీద కొంచెం పల్లంలో నిలబడి ఉండవచ్చు. ఆ తేడా కూడా లెక్కలోకి తీసుకోండి.

టెండరు మీద ఎం.ఎస్.ఎం. అని ఉంది కాబట్టి పై గడువు కూడా తెలుస్తోంది. 1944 ఏప్రిల్‌లో ఆ కంపెనీని ప్రభుత్వం తీసుకుంది, 1951 ఏప్రిల్ 14న అది దక్షిణ రైల్వేలో కలిసిపోయింది. కాబట్టి ఇంజను పసిఫిక్ అయితే ఆ ఫోటో 1920ల చివరికీ 1951కీ మధ్యది.

ఎక్స్‌బి గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. పరుగులో ఆ ఇంజను అటూ ఇటూ ఊగేది. 1937 జూలైలో బీహారులోని బిహటా దగ్గర జరిగిన ఘోర ప్రమాదంలో రైలును లాగింది ఎక్స్‌బి ఇంజనే. ఆ తర్వాత ఈ పసిఫిక్ ఇంజన్ల లోపాల మీద ఒక కమిటీనే వేశారు. అయినా మా రాజమండ్రిలో నేను చేరేనాటికి కూడా కొన్ని ఎక్స్‌బిలు పాసింజర్లు లాగుతూనే ఉన్నాయి. ఆ ఫుట్‌ప్లేటు మీద కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి, ఊగే ఇంజను నుంచి ఊగే టెండరులోకి పారతో వంగి బొగ్గు తీసి, ఆ ఊపులోనే పొయ్యి మూలమూలకూ సమంగా వెదజల్లడం ఎంత కష్టమో చేసినవాడికే తెలుస్తుంది. మీ తాతగారు పడ్డ కష్టం అది.

ఇంకొక సంగతి. ఆ కాలంలో మెయిళ్ల డ్రైవర్లుగా యూరోపియన్లకు, ఆంగ్లో ఇండియన్లకే పెద్ద పీట. మనవాళ్లు ఖలాసీ, క్లీనరు, రెండో ఫైర్‌మన్, మొదటి ఫైర్‌మన్, షంటరు అంటూ మెట్టు మెట్టుగా ఎక్కి గూడ్సు డ్రైవరు దగ్గర ఆగిపోయేవారు. కానీ మెయిలు ఇంజనును ఒక జట్టుకు కేటాయించే అలవాటు ఉండేది. డ్రైవరు, ఇద్దరు ఫైర్‌మన్‌లు రోజూ అదే ఇంజను మీద వెళ్లి, అదే ఇంజనుతో తిరిగి వచ్చేవారు. దాని ఇత్తడిని తామే తోమి, దాని గొంతు దూరం నుంచే గుర్తుపట్టేవారు. నాలుగు నెగెటివులలో ఒకే ఇంజను ఉందంటే కారణం అదే అయి ఉంటుంది.

తిరిగి ప్రశ్న: కావలి మనవడు

పెద్దలిద్దరికీ కృతజ్ఞతలు. చక్రం కొలిచి చూశాను. దొర తల మీది టోపీతో సహా చక్రం పై అంచు కంటే కిందే ఉన్నాడు. ఆయన మరీ పొట్టివాడైతే తప్ప అది ఎక్స్‌బి అనే అనుకోవాలి. నెగెటివులను కాగితపు కవర్లలోకి మార్చాను. అంచున సేఫ్టీ అన్న మాట ఎక్కడా లేదు. భూతద్దం, ఎల్‌ఈడీ పలక నెల్లూరు నుంచి తెప్పిస్తున్నాను. ఆదివారం చదివి రాస్తాను.

జవాబు: కాకినాడ అమ్మాయి, మాంచెస్టర్

నమస్కారమండీ. మీ మేనత్తగారి కోరిక చదివి కదిలిపోయాను, అందుకే రాస్తున్నాను. నేను ఇక్కడ పదిహేనేళ్లుగా ఉంటున్నాను. మాంచెస్టర్‌లోని సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియంలో పాకిస్తాన్ రైల్వేకు చెందిన 3157 నంబరు ఇంజను ఒకటి ఉంది. 1911లో ఇక్కడికి దగ్గర్లోని న్యూటన్ లీ విల్లోస్ ఊళ్లో వల్కన్ ఫౌండ్రీ వారు అవిభక్త భారతదేశం కోసం తయారు చేసినది. మన ఐదడుగుల ఆరంగుళాల పట్టాల ఇంజను ఈ దేశపు ఇరుకు పట్టాల ఇంజన్ల మధ్య నిలబడితే, పెళ్లికి వచ్చిన దూరపు చుట్టంలా కనిపిస్తుంది. ఎక్స్‌బి ఇంజన్లు చేసిన కర్మాగారాలలో వల్కన్ ఫౌండ్రీ కూడా ఒకటి. దాని రికార్డులు లివర్‌పూల్ మ్యూజియాల దగ్గర భద్రంగా ఉన్నాయి. ఇంజను నంబరు గానీ, దాని మీది తయారీదారు పలక గానీ ఏ నెగెటివులోనైనా చదవగలిగితే తెలియజేయండి, అక్కడ వాకబు చేస్తాను.

దొర కుటుంబాన్ని వెతకడానికి మూడు దారులు ఉన్నాయి. మొదటిది, లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఇండియా ఆఫీసు రికార్డులు. చర్చిలలో జరిగిన నామకరణాలు, పెళ్లిళ్లు, ఖననాల ప్రతులు ఏటా మద్రాసు నుంచి లండన్‌కు వెళ్లేవి. మద్రాసు ప్రెసిడెన్సీవి ఎన్ బై 2 అనే వరుసలో ఉన్నాయి. బ్రిటిష్ ఇండియా కుటుంబాల వంశవృత్తాంతాలను సేకరించే ఫిబిస్ అనే సంఘం వీటిలో చాలా వాటికి సూచికలు తయారు చేసి ఉచితంగా చూడనిస్తోంది. దొర ఇంటిపేరు, బిట్రగుంట అన్న ఊరు, పిల్లల వయసు ఉజ్జాయింపుగా తెలిస్తే చాలు. రైల్వే కంపెనీల కాగితాలు కూడా అదే లైబ్రరీలో ఉన్నాయి గానీ, వాటిలో లండన్‌లో నియమించి ఓడ ఎక్కించిన వారి ఒప్పందాలే ఎక్కువ. మన దేశంలోనే పుట్టి పెరిగి ఉద్యోగంలో చేరిన ఆంగ్లో ఇండియన్ డ్రైవరు పేరు అక్కడ దొరుకుతుందని నేను పెద్దగా ఆశ పెట్టుకోను.

రెండోది, ఓడ ప్రయాణికుల జాబితాలు. 1878 నుంచి 1960 వరకు బ్రిటన్ రేవులలో దిగిన వారి పేర్లు లండన్‌లో క్యూ అనే చోటున్న నేషనల్ ఆర్కైవ్స్‌లో బీటీ 26 అనే వరుసలో ఉన్నాయి. పేరు, వయసు, వృత్తి, ఇక్కడ ఉండబోయే చిరునామా అన్నీ అందులో రాసేవారు. 1947 తర్వాత బొంబాయి నుంచి బయలుదేరిన ఓడలలో ఇంజను డ్రైవరు అనే వృత్తితో, భార్యాపిల్లలతో వచ్చిన వారిని ఏరి చూడవచ్చు. మూడోది ఆస్ట్రేలియా. మీ ఇంట్లో ‘సీమ’ అన్నారు గానీ, మన పెద్దలు దొరలు వెళ్లిన ప్రతి దేశాన్నీ సీమ అనే అనేవారు. 1947 ఆగస్టులోనే మనూరా అనే ఆస్ట్రేలియా నౌకలో వందలాది ఆంగ్లో ఇండియన్లు పెర్త్ పక్కనున్న ఫ్రీమాంటిల్ రేవులో దిగారు. కాబట్టి ఇంగ్లండులో దొరకకపోతే అక్కడ వెతకాలి.

దొర పూర్తి పేరును ఇక్కడ అందరి ముందూ రాయకండి. ఆయన మనవలు ఇప్పుడు బతికి ఉన్నవారు, వారి ఇంటి సంగతులు వారి అనుమతి లేకుండా బయట పడకూడదు. నాకు విడిగా పంపితే చాలు.

ఇక వస్తువు ఎవరి దగ్గర ఉండాలన్నదానిపై నా అభిప్రాయం చెబుతాను. ఇక్కడ ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు కొన్ని నాకు పరిచయం. ఒక్కో మనిషికి ఒక్కో పెట్టెతో ఓడెక్కి వచ్చిన వారు తాము పుట్టిన ఇంటి ఫోటో కూడా లేకుండా బతికారు. ఇంగ్లండు వాళ్లు వీళ్లను భారతీయులన్నారు, భారతదేశంలో వీళ్లను దొరలన్నారు. అలాంటి వారికి ఆ వరండా, ఆ క్రిస్మస్ తోరణం ఉన్న ఫోటో నకలు అందితే అది వెలకట్టలేనిది. కానీ కెమెరాను దొర మీ తాతగారికే ఇచ్చారు. ఇచ్చినదాన్ని తిరిగి పంపితే ఆ ఇచ్చిన చేతిని కాదన్నట్టు అవుతుందేమో ఆలోచించండి. నకళ్లు వారికి, కెమెరా మీకు, అదీ నా మాట.

జవాబు: పాత కటకం, సికింద్రాబాద్

అమ్మాయి చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. కాలం విషయంలో ఒక్క మాట కలుపుతాను. ఈ కెమెరాలో మామూలు 120 ఫిల్ము ఎన్నాళ్లయినా వాడుకోవచ్చు గానీ, రాత పడే ఆటోగ్రాఫిక్ ఫిల్మును కొడాక్ వారు 1930ల మొదట్లో ఆపేశారు. కాబట్టి ఎక్స్‌బి ఇంజను ఉన్న నెగెటివు అంచున రాత గనక ఉంటే, ఆ ఫోటో 1920ల చివరికీ 1930ల మొదటికీ మధ్యనున్న నాలుగైదేళ్లలో తీసినదే అవుతుంది. అంత ఖచ్చితంగా కాలం తేలడం పాత ఫోటోల విషయంలో అరుదు. ఆదివారం కోసం ఎదురుచూస్తున్నాను.

తిరిగి ప్రశ్న: కావలి మనవడు

ఆదివారం పొద్దున్నే మా మేనత్తను పక్కన కూర్చోబెట్టుకుని పదకొండు నెగెటివులనూ మెరిసే వైపు తిప్పి చూశాను. ముందుగా చట్రం సంగతి చెబుతాను. కెమెరా లోపల పైన ఎడమ మూల పక్కగా గోటి గాటు అంత నొక్కు ఉంది. పదకొండింటికీ కింద కుడి మూలలో అదే నొక్కు ఉంది. అన్నీ ఈ కెమెరాలో తీసినవే.

గీతలు రాతలే. ఏడింటి అంచులు ఎప్పుడో కత్తిరించేశారు, నాలుగింటికి మిగిలాయి. వాటిలో రెండు ఇంగ్లీషు కలిపిరాతలో ఉన్నాయి. ఒకటి ‘క్రిస్మస్’ అని, ఇంకొకటి ‘ఇన్‌స్టిట్యూట్’ అని చదవగలిగాం. రైల్వే కాలనీలోని ఇన్‌స్టిట్యూట్, అంటే ఉద్యోగుల క్లబ్బు అయి ఉంటుంది. ఆ రాత దొరది అని వేరే చెప్పనక్కరలేదు.

మిగిలిన రెండూ తెలుగులో ఉన్నాయి.

దొర చక్రం పక్కన నిలబడిన నెగెటివు అంచున ‘దొరగారు, మన ఇంజను’ అని, దాని పక్కన తెలుగు అంకెల్లో ౮-౧-౩౧ అని ఉంది. అంటే 1931 జనవరి 8. ఇంగ్లీషు అంకెలు తప్ప ఎరగని నేను వాటిని అన్నాళ్లూ పురుగు తిన్న గీతలనుకున్నాను. మా మేనత్త లోపలికి వెళ్లి మా తాత పద్దు పుస్తకం తెచ్చారు. పాలు, బియ్యం, చాకలి పద్దులన్నీ అవే అంకెల్లో ఉన్నాయి. ఆయన ‘౩’ అంకె తోక కిందికి లాగి రాసేవారు, నెగెటివులోనూ అలాగే ఉంది. పెద్దాయన చెప్పిన జట్టు సంగతి చదివి ఉండకపోతే ‘మన ఇంజను’ అన్న మాటను నేను అంతగా పట్టించుకునేవాణ్ణి కాదు. మెయిలు నడిపే హోదా ఆయనకు ఉద్యోగమంతటిలో ఎప్పుడూ రాలేదు. అయినా ఇరవై మూడేళ్ల వయసులో, పారతో బొగ్గు వేసే రోజుల్లో, ఆ ఇంజనును ఆయన ‘దొరగారి ఇంజను’ అని రాయలేదు.

కాబట్టి మా ఇంటి కథలో ఇవ్వడం నిజమైనా, తక్కినది నిజం కాదని తేలింది. 1947 కంటే పదహారేళ్ల ముందే ఆ కెమెరా వాళ్లిద్దరి చేతుల్లోనూ ఉండేది. మా తాత ఏ ఫోటోలోనూ లేరని, ఆయనకు అవన్నీ పట్టవని మేమనుకునేవాళ్లం. దొర ఉన్న ఫోటో తీసినవాడు ఆయనే.

రెండో తెలుగు రాత ముసలావిడ ఉన్న నెగెటివు మీద ఉంది. ‘అమ్మ, అల్లూరు, సంక్రాంతి ౩౧’ అని మూడు మాటలు, అంకె. ఆమె ఆయా కాదు. బిట్రగుంటకు అవతలనున్న మా పాత ఊరు అల్లూరులో, మా తాత పుట్టిన ఇంటి ముందు కూర్చున్న ఆయన తల్లి. మొదటి బొమ్మ జనవరి 8న తీసి, వారం తిరక్కుండా పండక్కి ఊరికి వెళ్తూ ఆ కెమెరాను దొర దగ్గర అడిగి తీసుకెళ్లి ఉంటారు. ఆమె మొహం మా ఇంట్లో బతికి ఉన్నవారెవరూ ఇంతవరకు చూడలేదు. మా మేనత్త చాలాసేపు ఆ పలక ముందు నుంచి కదలలేదు. తర్వాత, తన ముక్కు వాళ్ల నాయనమ్మదేనని ఎప్పుడో ఎవరో అన్నారని చెప్పి, మళ్లీ వంగి చూశారు.

మాంచెస్టర్ అమ్మాయిగారికి దొర ఇంటిపేరు, ఇంగ్లీషు రాతలున్న రెండింటి నకళ్లు, దొర నిలబడిన బొమ్మ నకలు విడిగా పంపాను. కెమెరా మా దగ్గరే ఉంటుంది, మా మేనత్త ఒప్పుకున్నారు. అల్లూరు ఫోటోను పెద్దదిగా వేయించడానికి నకలును ఇక్కడి స్టూడియోలో ఇచ్చాను. అంచు మురికిగా ఉందని, కత్తిరిస్తే నీటుగా వస్తుందని ఆ అబ్బాయి అన్నాడు. ఆ అంచు ఒక్క పిసరు కూడా పోకూడదని చెప్పి, పోకుండా చూసుకోవడానికి అక్కడే కూర్చున్నాను.